వేలి కొసన వెలిగే అంకె



శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి వచ్చే జనాన్ని చూసినవారికి ఆ సందడి గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచీ, అటు బళ్ళారి, రాయచూరు జిల్లాల నుంచీ బస్సులూ ట్రాక్టర్లూ నిండుగా వస్తాయి. ఆ జనంలో నాలుగడుగులు వేసి, గోడకు చెయ్యి ఆనించి, నోరు తెరిచి గాలి పీల్చుకునే పెద్దవాళ్ళు ఎంతమందో కనిపిస్తారు. "దమ్ము వస్తాంది, కొంచెం ఆగండి" అంటారు. 2020 తర్వాత దీనికి ఒక కొత్త ముచ్చట తోడయింది. వెంట వచ్చిన కోడలో, మనవడో సంచిలోంచి బట్టల క్లిప్పులాంటి చిన్న పెట్టె తీసి వేలికి తగిలిస్తారు. కాసేపటికి ఒక అంకె వెలుగుతుంది. 91 అనుకోండి. "అయ్యో, నూరు లేదే!" అని ఒకరంటే, "తొంభై దాటింది కదా, ఏం కాదులే" అని ఇంకొకరంటారు. ఇద్దరూ దాన్ని పిల్లల పరీక్ష మార్కులా చదువుతున్నారన్నమాట.

అది మార్కు కాదు. ఆ అంకె ఎలా పుట్టిందో, దాన్ని పుట్టించడానికి ఎవరెవరు ఎన్నేళ్ళు తంటాలు పడ్డారో తెలిస్తే, దాని మాట ఎంతవరకు వినాలో, ఎక్కడ వినకూడదో మనకే తెలుస్తుంది. అందుకని ఈ పూట ఆ చరిత్రే చెప్పుకుందాం.

ముందు మన ప్రాంతపు దమ్ము సంగతి చూద్దాం. ఆదోని అంటే పత్తి. జిన్నింగ్ మిల్లుల్లో గింజా దూదీ వేరు చేసేటప్పుడు గాలినిండా నూగు లేస్తుంది. తల మీద కొంగు చుట్టుకున్నా అది ముక్కులోకి పోక తప్పదు. పత్తి దుమ్ము వల్ల వచ్చే శ్వాసరోగానికి బిస్సినోసిస్ అని పేరు. వారం సెలవు తర్వాత మళ్ళీ పనిలోకి దిగిన రోజున ఛాతీ బిగబట్టినట్టుండటం దీని మొదటి గుర్తు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల కూలీలు అనుభవంతో కనిపెట్టినది ఇదే. మన ఉద్యోగుల రాజ్యబీమా చట్టంలోని వృత్తిరోగాల పట్టీలో కూడా ఈ జబ్బు ఉంది. ఆ సంగతి తెలిసిన కూలీ తక్కువ. ఇక మగవాళ్ళకు బీడీ ఉండనే ఉంది. సుగ్గికని గుంటూరు వైపు పోయి మిరప కోతల్లో దగ్గిన దగ్గు వేరే లెక్క.

మరి మిల్లు ముఖం చూడని, బీడీ ముట్టని ఆడవాళ్ళకు ఈ దమ్ము ఎందుకొస్తుంది? పొయ్యి వల్ల. జొన్నరొట్టె కాల్చాలంటే మంట విడిచి లేవడానికి లేదు. కంది కట్టె, పత్తి కట్టె, పిడకలు, అవి ఆరిపోతే ఊదుగొట్టం. ఈ మాట పుస్తకంలోకి ఎక్కడానికి కూడా ఒక స్త్రీయే కావలసి వచ్చింది. హృద్రోగ నిపుణురాలు డాక్టర్ పద్మావతి 1959లో ఢిల్లీలో 127 మంది రోగులను గురించి రాశారు. ఊపిరితిత్తులు దెబ్బతిని దానివల్ల గుండె కుడిభాగం వాచినవాళ్ళు వాళ్ళంతా. పొగతాగే అలవాటు ఆడవాళ్ళలో చాలా తక్కువైనా ఈ జబ్బు మాత్రం వాళ్ళలోనూ మగవాళ్ళకు దీటుగా ఉంది. వంటింటి పొగను అనుమానించాల్సి వచ్చింది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చి గ్యాసు చాలా ఇళ్ళకు చేరింది, సంతోషమే. కానీ అంతకు ముందు ముప్పై, నలభై ఏళ్ళు పొగ తాగిన ఊపిరితిత్తులు గ్యాసు రాగానే కొత్తవైపోవు. "వయసు మీద పడింది, దమ్ము వస్తుంది" అని ఇంట్లో సరిపెట్టుకునే ఆ జబ్బునే డాక్టర్లు సి.ఓ.పి.డి. అంటారు. అంటే వాయునాళాలు శాశ్వతంగా ఇరుకై, గాలి లోపలికి పోయినంత సులువుగా బయటికి రాకపోవడం. ఈ జబ్బు ఉందో లేదో తేల్చేది వేలి పెట్టె కాదు, గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు నెత్తురు సంగతి. రక్తంలో హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉంది, ప్రాణవాయువును మోసేది అదే. దానికి ఆ పేరు పెట్టినది జర్మనీ శాస్త్రజ్ఞుడు హోప్పె-జైలర్, 1864లో. అదే ఏడు ఇంగ్లండులో స్టోక్స్ అనే ఆయన, ప్రాణవాయువు పట్టుకున్నప్పుడు దాని రంగు ఒకటి, వదిలేసినప్పుడు ఇంకొకటి అని వెలుతురు సాయంతో చూపించాడు. పట్టుకుంటే మంచి ఎరుపు, వదిలేస్తే నల్లెరుపు. 1876లో ఫియరోర్ట్ అనే జర్మన్ వైద్యుడు వేలి గుండా వెలుతురు పంపి, వేలికి కట్టు బిగిస్తే ఆ వెలుతురు ఎలా మారుతుందో చూశాడు. అంటే మన వేలి పెట్టెకు ఆలోచన దొరికి నూటయాభై ఏళ్ళయింది. పెట్టె రావడానికే అందులో వందేళ్ళు పట్టింది.

అసలు అంకె ఎందుకు? ఆయాసం వస్తే మనిషికి తెలియదా? తెలియదు. అదే ఇక్కడ అసలు భయం. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సులో ముగ్గురు 'జెనిత్' అనే బెలూను ఎక్కి ఆకాశానికి పోయారు. పైన గాలి పలచన అని తెలుసు, అందుకే ప్రాణవాయువు సంచులు పక్కనే కట్టుకున్నారు. ఎనిమిది వేల మీటర్లు దాటారు. బతికి దిగినవాడు టిస్సాండియె ఒక్కడే, అదీ చెవులు పోగొట్టుకుని. మిగతా ఇద్దరూ, సివెల్, క్రోచె-స్పినెల్లి, బుట్టలోనే చనిపోయారు. సంచి గొట్టం అందుకోవాలనుకున్నా చెయ్యి లేవలేదని, అయినా బాధ తెలియలేదని, మనసుకు ఏదో ఆనందంగా ఉండిందని టిస్సాండియె తర్వాత రాశాడు. ప్రాణవాయువు తగ్గితే శరీరం గంట కొట్టి చెబుతుందని లేదు, ఒక్కోసారి జోకొట్టి నిద్రపుచ్చుతుంది కూడా. (మన ఆదోని ఎత్తు పదిహేను వందల అడుగుల లోపే, ఇక్కడ అంకె మీద ఎత్తు ప్రభావం లెక్కలోకి రాదు. కేదారనాథ్ యాత్రకు పోతే మాత్రం ఆరోగ్యవంతుల అంకె కూడా తొంభై దగ్గరికి దిగుతుంది. దమ్ము జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఆ యాత్రకు బయలుదేరకూడదు.)

సరే, పెదవులు నీలంగా మారితే కనిపెట్టవచ్చు కదా అనుకున్నారు వైద్యులు. చాలా కాలం అదే ఆధారం. 1919లో అమెరికాలో స్టాడీ అనే వైద్యుడు న్యుమోనియా రోగుల ధమనిలో సూది గుచ్చి రక్తం తీసి, ప్రాణవాయువు కొలిచి చూపించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఎత్తున ఎగిరే విమాన చోదకులు స్పృహ తప్పుతుంటే, మిల్లికన్ అనే ఆయన చెవి తమ్మెకు తగిలించే పరికరం చేసి 1942లో దానికి 'ఆక్సీమీటర్' అని పేరు పెట్టాడు. 1947లో కొమ్రో, బొటెల్హో అనే ఇద్దరు, పరిశీలకులను కూర్చోబెట్టి, మనుషుల రంగు చూసి ప్రాణవాయువు తగ్గిందో లేదో చెప్పమన్నారు. అంకె 80 దాకా పడిపోయినా చాలామంది కనిపెట్టలేకపోయారు. ఇక మన చామనఛాయల్లో ఆ నీలం ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. చర్మం కాదు, నాలుకా, పెదవి లోపలి భాగమూ చూడాలి.

చెవికి తగిలించే పరికరాలతో ఒక చిక్కు ఉండేది. వెలుతురు ధమని రక్తం గుండానే కాదు, సిర రక్తం, చర్మం, కండ అన్నిటి గుండా పోతుంది. అన్నీ కలిసి వచ్చిన లెక్కలోంచి ధమని వాటా తీయడమెలా? చెవిని వేడిచేసి, పిండి, మళ్ళీ వదిలి, నానా తంటాలు పడేవారు.

ఈ ముడి విప్పినవాడు తకువో అవొయాగి అనే జపాన్ ఇంజనీరు, నిహోన్ కోహ్డెన్ అనే కంపెనీలో పనిచేసేవాడు. విచిత్రమేమంటే 1972 ప్రాంతంలో ఆయన వెతుకుతున్నది ఇది కానే కాదు. రక్తంలోకి రంగు ఎక్కించి, గుండె నిమిషానికి ఎంత రక్తం తోడుతుందో చెవి దగ్గర వెలుతురుతో కొలవాలని చూస్తున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత అదిరి లెక్క చెడిపోతోంది. ఆ అదురును పోగొట్టడానికి రెండు రకాల వెలుతురు వాడి ఒకదానితో ఇంకొకటి కొట్టివేయబోయాడు. అయితే రక్తంలో ప్రాణవాయువు మారినప్పుడల్లా ఆ కొట్టివేత కుదరడం లేదు. అక్కడ ఆయనకు తట్టింది. అదిరేది ధమని రక్తం ఒక్కటే! చర్మం అదరదు, కండ అదరదు. కాబట్టి అదురును పారవేయడం కాదు, అదురునే పట్టుకుంటే ధమని రక్తం లెక్క దానంతటదే విడిపడి వస్తుంది. బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చున్నామె చేతికి రాయే రత్నమై దొరికినట్టయింది. 1974లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. నెల తిరక్కుండానే మినోల్టా కంపెనీ కూడా అలాంటిదే పెట్టింది. కొన్నాళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980లలో అమెరికా కంపెనీలు చిన్న దీపాలతో చవకగా చేసి ఆపరేషన్ గదుల్లో పెట్టాక, మత్తుమందు డాక్టర్లు ఇక అది లేనిదే పని మొదలుపెట్టేవారు కాదు. కోవిడ్ మొదటి అలలో ఊరూరా వేళ్ళకు ఆ పెట్టె ఎక్కుతున్న రోజుల్లోనే, 2020 ఏప్రిల్ 18న, అవొయాగి కన్నుమూశాడు. పొయ్యి పొగ సంగతి రాసిన డాక్టర్ పద్మావతి నూట మూడేళ్ళ వయసులో అదే ఏడు ఆగస్టులో, కోవిడ్‌తోనే పోయారు.

ఈ చరిత్రలోనే మనకు కావలసిన సూచనలన్నీ ఉన్నాయి. పెట్టె అదురును పట్టుకుని లెక్క కడుతుంది కాబట్టి, నాడి వేలి కొస దాకా బాగా అందాలి. చేతులు చల్లగా ఉన్నా, వేలు కదిలినా, గోళ్ళకు ముదురు రంగు ఉన్నా తప్పు అంకె రావచ్చు. అయిదు నిమిషాలు కూర్చుని, చేతులు రుద్ది వెచ్చచేసుకుని, అంకె కుదురుకునే దాకా నిమిషమైనా ఆగి చూడాలి. వేలికి పెట్టగానే కనిపించిన మొదటి అంకెను పట్టుకుని కంగారు పడకూడదు. ఎంత మంచి పెట్టె అయినా రెండు, మూడు అంకెలు అటూ ఇటూ చెబుతుంది. పొద్దున 93, సాయంత్రం 91 అంటే జబ్బు ముదిరిందని కాదు.

పెట్టె చెప్పేది హిమోగ్లోబిన్‌లో నూటికి ఎన్ని పాళ్ళు ప్రాణవాయువుతో నిండి ఉన్నాయి అని మాత్రమే. ఉరుకుంద బస్సులనే తీసుకోండి. సీట్లన్నీ నిండాయి అంటే రెండు బస్సులు వచ్చాయా, ఇరవై వచ్చాయా తెలుస్తుందా? రక్తహీనత ఉన్న మనిషిలో బస్సులే తక్కువ. అంకె 98 చూపిస్తూనే ఉంటుంది, మనిషికి మెట్లెక్కితే ఆయాసం వస్తూనే ఉంటుంది. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత ఎక్కువో మీకు తెలుసు. ఇంకొకటి, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వచ్చే విషవాయువు ఆ సీట్లలో ఎక్కి కూర్చుంటుంది. పెట్టె దాన్ని కూడా ప్రాణవాయువే అనుకుని మంచి అంకె చూపిస్తుంది.

తొంభై దగ్గర ఎందుకు జాగ్రత్త అంటారో కూడా చెప్పాలి. 1904లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు బోర్, తోటివారితో కలిసి, రక్తం ప్రాణవాయువును ఎలా పట్టి ఎలా వదులుతుందో గీత గీశాడు. ఆ గీత కొండ మీది చదునులా ఉంటుంది. 97 నుంచి 92 దాకా చదును, అక్కడ నాలుగడుగులు అటూ ఇటూ నడిచినా ఏమీ కాదు. తొంభై దిగువన ఏటవాలు. ఊపిరితిత్తులు ఇంకొంచెం నీరసించినా అంకె జారిపోతుంది. దమ్ము జబ్బు ఉన్నవాళ్ళు ఆ చదును అంచున కాపురం ఉన్నట్టు.

అలా దిగిపోయినవాళ్ళకు ఇంట్లో ప్రాణవాయువు ఇస్తే ఆయుష్షు పెరుగుతుందా అని 1970లలో అమెరికాలో, ఇంగ్లండులో గట్టిగా పరీక్షించారు. 1981లో వెలువడిన బ్రిటిష్ ఫలితం ఇది. రోజుకు కనీసం పదిహేను గంటలు పెట్టుకున్న 42 మందిలో అయిదేళ్ళలో 19 మంది పోయారు, పెట్టుకోని 45 మందిలో 30 మంది పోయారు. 203 మందిని చూసిన అమెరికా పరీక్షలో, రాత్రిపూట మాత్రమే పెట్టుకున్నవాళ్ళ కంటే పగలూ రాత్రీ పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారు. కాబట్టి డాక్టరు పదిహేను గంటలంటే పదిహేను గంటలే. "ఆయాసం వచ్చినప్పుడు పెట్టుకుంటాలే, కరెంటు బిల్లు ఎందుకు" అనడం ఈ వైద్యంలో కుదరదు. అయితే ఈ లాభం ధమని రక్తపు పరీక్షలో బాగా తక్కువ వచ్చినవాళ్ళకే, అంటే మన పెట్టె లెక్కలో సుమారు 88, అంతకు దిగువ ఉన్నవాళ్ళకే. విశ్రాంతిగా ఉన్నప్పుడు 89 నుంచి 93 మధ్య, లేదా నడిచినప్పుడు మాత్రం అంకె పడిపోయే 738 మందిని చూసిన పరీక్ష 2016లో వచ్చింది. వాళ్ళలో ఇంటి ఆక్సిజన్ వల్ల ఆయుష్షు పెరగలేదు. అప్పులు చేసి యంత్రం కొనేవాళ్ళు ముందు ఇది తెలుసుకోవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. కోవిడ్ రోజుల్లో మనందరికీ 94 అనే అంకె బుర్రకెక్కింది. ఆ భయం పోలేదు. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న అత్తగారి అంకె 90 ఉంటే, ప్రేమకొద్దీ కొడుకో కోడలో లీటర్ల మర తిప్పి 98 చేస్తారు. అంకె చూసి సంతోషిస్తారు. సి.ఓ.పి.డి.లో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. పాడైన భాగాలకు రక్తం ఎక్కువగా పోకుండా ఊపిరితిత్తులు తమంతట తాము దారులు ఇరుకు చేసుకుని ఉంటాయి. ప్రాణవాయువు ముంచెత్తితే ఆ దారులు తెరుచుకుని, రక్తం గాలి ఆడని చోటికి పోతుంది. బొగ్గుపులుసు వాయువు బయటికి పోక లోపలే పేరుకుంటుంది. పొద్దున తలనొప్పి, మాట ముద్దగా రావడం, పగలు కూడా తూగు, చివరికి లేపినా లేవకపోవడం. ఇదంతా జరుగుతున్నంతసేపూ పెట్టె 98 చూపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే బొగ్గుపులుసు వాయువు దానికి కనిపించదు.

ఈ ప్రమాదం లండన్‌లో కాంబెల్ అనే వైద్యుడు 1960లోనే చెప్పి, కొలత ప్రకారం మాత్రమే ప్రాణవాయువు ఇచ్చే ముసుగు తయారుచేశాడు. అయినా అంబులెన్సులో ఎక్కువ ఇవ్వడం మానలేదు. 2010లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో ఒక పరీక్ష ఫలితం వచ్చాక గాని పట్టించుకోలేదు. అంబులెన్సులోనే ధారాళంగా ఇచ్చిన 226 మందిలో 21 మంది చనిపోగా, అంకె 88కీ 92కీ మధ్య నిలిచేటట్టు కొలిచి ఇచ్చిన 179 మందిలో పోయినవారు 7 మంది. అందుకే సి.ఓ.పి.డి. ముదిరి ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు 88 నుంచి 92 చాలు అంటారు. ఈ హద్దు బయటి నుంచి ఇచ్చే ఆక్సిజన్‌కు. ఏ యంత్రమూ లేకుండా మీకు 95 వస్తుంటే అది మంచిదే, తగ్గించుకోవలసిన పని లేదు.

మీ ఇంట్లో రోగికి హద్దు ఎంతో డాక్టరు చేత చీటీ మీద రాయించి, యంత్రానికే అంటించండి. మనిషి బాగున్న రోజుల్లో, ఒకే వేళకు చూసి, అంకె, అప్పుడు చేస్తున్న పని నోటుపుస్తకంలో రాయండి. మామూలుగా 92 ఉండే ఆమెకు 88 వచ్చి నిలిచిపోతే, దగ్గు, గళ్ళ రంగు మారితే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. మాట తడబడితే, మత్తుగా ఉంటే, కూర్చుని కూడా వాక్యం పూర్తి చేయలేకపోతే అంకె ఎంతున్నా పోవాలి. అంకె 96 ఉండి ఆయాసం ఎక్కువగా ఉన్నా, "నీకు బాగానే ఉంది, ఊరికే అంటున్నావు" అని ముసలామెను కోప్పడకండి. ఊపిరి ఆడకపోవడానికి ప్రాణవాయువు తగ్గడం ఒక్కటే కారణం కాదు, గాలి లోపల చిక్కుకుపోయినా, గుండె నీరసించినా ఆయాసమే.

చివరిగా మన రంగు మాట. ఈ పెట్టెలను మొదట సరిచూసింది ఎక్కువగా తెల్లవాళ్ళ వేళ్ళ మీదే. ముదురు చర్మంలో అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని 1990లోనే రాశారు, ఎవరూ చెవిని పెట్టలేదు. 2020 డిసెంబరులో అమెరికాలో వేలమంది లెక్కలు తీసి చూస్తే, పెట్టె మంచి అంకె చూపుతుండగా రక్తంలో నిజంగా తగ్గి ఉండటం నల్లవారిలో తెల్లవారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనబడింది. పరికరాన్ని సరిచూడటానికి అంతకు ముందు పదిమంది మనుషులు చాలనేవారు. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ సంఖ్యను నూటయాభైకి, అన్ని ఛాయలవాళ్ళూ ఉండేలా పెంచాలని ముసాయిదా తెచ్చింది. మన చేతిలో ఉన్న ఉపాయం ఒకటుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో గాని మరోచోట గాని మణికట్టు దగ్గర సూదితో ధమని రక్తం తీసినప్పుడు, ఇంటి పెట్టెను కూడా పట్టుకుపోయి అదే నిమిషంలో వేలికి తగిలించండి. రెండు అంకెలూ పక్కపక్కన నోటుపుస్తకంలో రాసుకుంటే, మీ పెట్టె మీ వేలి మీద ఎంత ఎక్కువ చెబుతుందో తెలిసిపోతుంది.